బెల్టు చప్పుడు చేయదు

బండి బాగా నడుస్తున్నప్పుడు వేల రూపాయలు పోసి ఒక భాగం మార్పించడానికి మనసు ఒప్పదు. "ఏమైంది బండికి?" అని ఇంట్లో అడుగుతారు. ఏమీ కాలేదు. "మరి ఎందుకు మార్పించడం?" ఈ రెండో ప్రశ్నకి జవాబు దొరక్కే చాలామంది టైమింగ్ బెల్టు పనిని వచ్చే నెల అనీ, పంట చేతికొచ్చాక అనీ, పిల్లల ఫీజులు కట్టేశాక అనీ జరుపుతూ పోతారు. ఈ అధ్యాయమంతా ఆ జవాబు కోసమే.

కారులో చాలా భాగాలు ముందే కబురు పంపుతాయి. బ్రేకు ప్యాడ్లు అరిగితే కీచుమంటాయి. క్లచ్ ప్లేట్లు పోయే ముందు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గానీ బండి అందుకోదు. బ్యాటరీకి వయసు మీరితే పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. టైరు సరేసరి, కంటికి కనబడుతూనే ఉంటుంది. టైమింగ్ బెల్టు ఇవేవీ చేయదు. నిన్నటిదాకా ఎలా ఉందో ఇవాళ పొద్దున్నా అలాగే ఉంటుంది, మధ్యాహ్నం తెగుతుంది. దాన్ని ఎప్పుడు మార్చాలో బండి చెప్పదు. మీరే ముందుగా నిర్ణయించుకోవాలి.

ఆ బెల్టు చేసే పని తెలిస్తే భయం ఎందుకో తెలుస్తుంది. ఇంజిన్ అడుగున క్రాంక్ షాఫ్ట్ తిరుగుతూ పిస్టన్లని పైకీ కిందకీ ఆడిస్తుంది. పైన హెడ్‌లో క్యామ్ షాఫ్ట్ వాల్వుల్ని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, అదీ ఒక్క పన్ను కూడా తప్పకుండా. ఈ రెండింటినీ కలిపి ఉంచేది పళ్ళున్న ఒక రబ్బరు పట్టీ. లోపల గాజుపీచు దారాలు, పళ్ళ మీద గుడ్డ పొర. అంతే. చాలా ఇంజిన్లలో వాల్వు కిందకి దిగే చోటికే పిస్టన్ కూడా పైకి వస్తుంది, కాకపోతే వేరే క్షణంలో. బెల్టు తెగిన మరుక్షణం క్యామ్ ఆగిపోతుంది. కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. క్రాంక్ మాత్రం ఆ ఊపులో ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పిస్టన్లు వచ్చి ఆ వాల్వుల్ని కొడతాయి. వాల్వులు వంగుతాయి, గైడ్లు పగులుతాయి, ఒక్కోసారి పిస్టన్ నెత్తి కూడా దెబ్బతింటుంది. డీజిల్ ఇంజిన్లలో పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య చోటు బాగా తక్కువ కాబట్టి అక్కడ ఈ ప్రమాదం దాదాపు ఖాయం. కొన్ని పాత చిన్న పెట్రోలు ఇంజిన్లలో బెల్టు తెగినా వాల్వూ పిస్టనూ తగలవు, బండి ఆగిపోతుందంతే. మీ ఇంజిన్ ఏ రకమో ముందే అడిగి తెలుసుకోండి.

మనవాళ్ళు ఈ విషయంలో ఎందుకు ఆలస్యం చేస్తారో నాకొక అభిప్రాయం ఉంది. మన చెవి పెట్రోలు అంబాసిడర్ దగ్గర, ప్రీమియర్ పద్మిని దగ్గర నేర్చుకున్నది. వాటిలో ఉండేది టైమింగ్ చైను. చైను వదులైతే గలగలమంటుంది, ఆ మోత విని మేస్త్రీ బానెట్ ఎత్తేవాడు. "చప్పుడొస్తే చూద్దాం" అనే మాట ఆ రోజుల్లో తెలివైన మాటే. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది, దానిలో చైను బదులు బెల్టు. బండి మారింది, ఇంజిన్ మారింది, చెవి మాత్రం మారలేదు. నాన్న తన అంబాసిడర్‌ని చూసుకున్న పద్ధతే కొడుకు తన శాంత్రోకి వాడాడు, మనవడు డస్టర్‌కి వాడుతున్నాడు.

ఈ పళ్ళ బెల్టు మొదట పుట్టింది కారు కోసం కాదు. 1940లలో అమెరికాలో కుట్టుమిషన్ కోసం తయారు చేశారు, పైన సూదీ కింద బాబినూ లయ తప్పకుండా తిరగాలని. అందరూ కొనే కారు ఇంజిన్‌లోకి ఎక్కింది 1962లో, జర్మనీలో గ్లాస్ 1004 అనే చిన్న కారుతో. చైను కన్నా తేలిక, చవక, నూనె అక్కర్లేదు, ముఖ్యంగా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని కంపెనీలు గొప్పగా చెప్పుకున్నాయి. హెచ్చరిక కూడా దానితోనే పోయింది.

హెచ్చరించని భాగాన్ని ఎలా చూసుకోవాలో నేర్చుకోవడానికి మన వరంగల్ వాళ్ళు దూరం వెళ్ళక్కర్లేదు. కాజీపేటలో డీజిల్ లోకో షెడ్డు ఉంది, ఎలక్ట్రిక్ లోకో షెడ్డు ఉంది. అక్కడ పనిచేసే వాళ్ళో, చేసి రిటైరైన వాళ్ళో మీ బంధువుల్లోనో మీ వీధిలోనో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. అడిగి చూడండి. రైలింజిన్ మొరాయిస్తేనే షెడ్డుకి రావాలనే పద్ధతి అక్కడ లేదు. ఇన్ని రోజులకి ఒక తనిఖీ, ఇన్ని నెలలకి ఒక షెడ్యూల్, కొన్నేళ్ళకి ఒక పీఓహెచ్, అంటే పూర్తి ఓవర్‌హాల్. నిన్న రాత్రి సిర్పూర్ కాగజ్‌నగర్ దాకా నిక్షేపంగా వెళ్ళొచ్చిన ఇంజిన్ అయినా సరే, తేదీ వస్తే షెడ్డులోకి రావాల్సిందే. ఆ రోజున "బాగానే ఉంది కదా" అని ఎవరూ వాదించరు. ఎందుకంటే అది బాగుందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు, తేదీ వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. ఇంట్లో కారుకి ఇంత పెద్ద వ్యవస్థ అవసరం లేదు. కానీ ఒక్క టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం కాజీపేట పద్ధతే సరైనది.

కొన్ని డీజిల్ ఇన్నోవాల్లో మీటరు బోర్డు మీద టి-బెల్ట్ అని ఒక దీపం వెలుగుతుంది. అది బెల్టుని పరీక్షించి వెలిగే దీపం కాదు. తిరిగిన కిలోమీటర్లు లెక్కపెట్టి వెలుగుతుంది. ఇంజిన్ తయారుచేసిన కంపెనీ దగ్గర కూడా బెల్టు ఆరోగ్యం కొలిచే పరికరం లేక లెక్కనే నమ్ముకుంది. మనం చేయాల్సిందీ అదే.

ముందు మీ బండిలో బెల్టు ఉందో చైను ఉందో తేల్చుకోండి. మారుతి 800, ఓమ్నీ, ఆల్టో 800, పాత శాంత్రో, టాటా ఇండికా డీజిల్, పాత ఇన్నోవా 2.5 డీజిల్, రెనో డస్టర్ డీజిల్, ఫోర్డ్ ఫిగో డీజిల్, వోక్స్‌వ్యాగన్ పోలో డీజిల్ వంటివి బెల్టు బళ్ళు. కొత్తవాటిలో టాటా హ్యారియర్ రెండు లీటర్ల డీజిల్, స్కోడా కుషాక్ ఒక లీటరు పెట్రోలు కూడా బెల్టే. స్విఫ్ట్ డీజిల్, ఆల్టో కే10, ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్ చైను బళ్ళు. పేరు ఒకటే అయినా ఇంజిన్ మారితే కథ మారుతుంది, అందుకే పక్కింటి వాళ్ళ ఐ10ని చూసి మీ ఐ10 గురించి తీర్పు చెప్పకండి. పాత 1.1 ఇంజిన్‌కి బెల్టు, 1.2 కప్పా ఇంజిన్‌కి చైను. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఒక లీటరు ఎకోబూస్ట్‌లో బెల్టు నూనెలోనే మునిగి తిరుగుతుంది. ఆ బండి ఉన్నవాళ్ళు కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ తప్ప మరొకటి పోయించకూడదు.

ఇక లెక్క. బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో మెయింటెనెన్స్ పట్టిక ఉంటుంది. పుస్తకం పోతే కంపెనీ సర్వీస్ సెంటర్లో చాసిస్ నంబరు చెప్పి అడగండి. బండిని బట్టి 60,000 కిలోమీటర్ల నుంచి లక్షన్నర దాటి కూడా ఉంటుంది, దాంతోపాటు ఏళ్ళ గడువు కూడా. ఈ రెండిట్లో ఏది ముందొస్తే అదే మీ గడువు. మనవాళ్ళు కిలోమీటర్లు గుర్తుపెట్టుకుని ఏళ్ళని మర్చిపోతారు. హన్మకొండలో రిటైరైన లెక్చరర్ గారి కారు ఎనిమిదేళ్ళలో 28,000 తిరిగి ఉంటుంది. వారానికోసారి భద్రకాళి గుడికి, ఎప్పుడైనా పెళ్ళికి. చూస్తే కొత్త బండిలా మెరుస్తుంది. రబ్బరుకి మాత్రం ఎనిమిది ఎండాకాలాలు గడిచాయి. మే నెలలో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే, బానెట్ కింద వేడి దానికన్నా చాలా ఎక్కువ. కదలకుండా నిలబెట్టినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. ఇలాంటి బండికి ఏళ్ళ లెక్కే ప్రమాణం.

దీనికి సరిగ్గా ఎదురు బండి ఇంకొకటుంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని గంటల తరబడి నిలబడే ట్యాక్సీ. బండి కదలకపోతే మీటరు తిరగదు, బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చిన్న లెక్క వేద్దాం. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో, టాప్ గేరులో క్రాంక్ నిమిషానికి సుమారు 2,000 చుట్లు తిరుగుతుందనుకోండి. అంటే కిలోమీటరుకి 2,000 చుట్లు, లక్ష కిలోమీటర్లకి 20 కోట్ల చుట్లు. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 800 అనుకుంటే గంటకి 48,000 చుట్లు. అంటే ఊరికే నిలబడ్డ ప్రతి గంటా 24 కిలోమీటర్లతో సమానం. రోజుకి రెండు గంటలు ఇలా నిలబడే ట్యాక్సీ ఏడాదిలో మీటరులో కనబడని సుమారు 17,500 కిలోమీటర్లు తిరిగినట్టే. ఐదేళ్ళకి అది దాదాపు 87,500 అవుతుంది. అలాంటి బండికి మీటరు చూపే అంకె సగం నిజమే.

రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో మేడారం జాతరకి వెళ్ళే బళ్ళని తలుచుకోండి. వరంగల్ నుంచి వంద కిలోమీటర్ల దారి. ములుగు దాటి పస్రా, తాడ్వాయి అడవిలోకి వెళ్ళాక బండ్ల వరుస కదలదు. లోపల పిల్లలు, ముసలివాళ్ళు, వెనక డిక్కీలో బంగారం అని మనం పిలుచుకునే బెల్లం బుట్ట. ఏసీ ఆపే పరిస్థితి ఉండదు. గడువు దాటిన బెల్టుని ఆ దారికి తీసుకెళ్ళడం నా దృష్టిలో చేయకూడని పని. అక్కడ తెగితే షెడ్డు లేదు, బండి పక్కకి తీసే చోటు లేదు, క్రేన్ వచ్చే సందు లేదు. జాతరకి వెళ్ళాలనుకుంటే, దానికి ముందొచ్చే దసరాకి బండి పూజ చేసే రోజునే మీటరు చూడండి, బండి కొన్న సంవత్సరం చూడండి. అప్పటి నుంచి జాతరకి మూడు నాలుగు నెలల టైముంటుంది. డబ్బు సర్దుకోవడానికీ మంచి మెకానిక్‌ని చూసుకోవడానికీ అది చాలు.

గడువుని ముందుకు లాగే కారణాలు కొన్ని ఉన్నాయి. క్యామ్ సీలు దగ్గరో క్రాంక్ సీలు దగ్గరో ఆయిల్ కారి బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు గడువుతో పని లేదు, సీలూ బెల్టూ రెండూ మార్చాల్సిందే. భూపాలపల్లి గనుల దారిలో రోజూ బొగ్గు లారీల వెనక తిరిగే బండికి మాన్యువల్‌లో కఠిన వాడకం కింద రాసిన తక్కువ గడువే వర్తిస్తుంది. 2023 జూలై చివర్లో కురిసిన వానలకి వరంగల్, హన్మకొండ కాలనీల్లో ఎన్నో కార్లు నీళ్ళలో నిలబడ్డాయి. ఆ తర్వాత ఆయిల్ మార్పించి, సీట్లు ఆరబెట్టించి ఊరుకున్నవాళ్ళు చాలామంది. నీళ్ళు క్రాంక్ పుల్లీ ఎత్తు దాకా వచ్చి ఉంటే బెల్టు కవరు కింద బురద చేరి ఉండొచ్చు, బెల్టుని బిగించి ఉంచే టెన్షనర్ బేరింగులో గ్రీజు పోయి ఉండొచ్చు. అలాంటి బండి మీ దగ్గరుండి, ఇంతవరకు ఆ కవరు విప్పించకపోతే ఈ వారమే విప్పించండి.

కవరు విప్పించే చోటే అసలు పరీక్ష ఎదురవుతుంది. ఆటోనగర్‌లో ఒక షెడ్డు. మెకానిక్ పై కవరు రెండు బోల్టులు తీసి, టార్చి వేసి చూపిస్తాడు. నల్లగా, నున్నగా బెల్టు. వేలితో వంచి చూస్తాడు. ఎక్కడా పగులు లేదు, పన్ను ఊడలేదు. "అన్నా, బెల్టు మంచిగనే ఉన్నది. ఇప్పుడే ఎందుకు మారుస్తరు? ఇంకో ఇరవై వేలు నడుస్తది." అతను మీ డబ్బు మిగల్చాలనే అంటున్నాడు, అందులో మోసం లేదు. పాత తరం బెల్టులు పగుళ్ళు చూపించేవి కూడా. ఇప్పటి మెరుగైన రబ్బరు చివరిదాకా నున్నగానే ఉండగలదు, అలిసిపోయేది లోపలి దారాలు, అవి కంటికి కనబడవు. చెడ్డ బెల్టు అని కంటితో తేల్చొచ్చు గానీ మంచి బెల్టు అని తేల్చలేం. పగులు కనబడితే వెంటనే మార్చాలి, కనబడకపోతే లెక్కకి కట్టుబడాలి. "లేదు తమ్మీ, టైమైంది, మార్చెయ్యి" అనండి. అంతకన్నా వాదన అక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళకి నా సలహా కచ్చితమైనది. బెల్టు మార్చినట్టు తేదీ, కిలోమీటర్లు ఉన్న బిల్లు చేతికొస్తే నమ్మండి. లేకపోతే మార్చలేదనే అనుకోండి. అమ్మేవాళ్ళు "మొన్ననే మార్పించిన" అనొచ్చు, మీటరు 70,000 చూపించొచ్చు. హైదరాబాద్‌లో ట్యాక్సీగా తిరిగి, నంబరు ప్లేటు రంగు మార్చుకుని ఇక్కడికొచ్చే బళ్ళు ఉన్నాయి, మీటరు వెనక్కి తిప్పిన బళ్ళు ఉన్నాయి. టి-బెల్ట్ దీపాన్ని కూడా బెల్టు మార్చకుండానే ఆర్పేయొచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్లో పాత రికార్డు తీయించుకోవచ్చు, అది ఉంటే మంచిదే. ఏదీ దొరక్కపోతే కొనేటప్పుడే బెల్టు ఖర్చు బేరంలో తగ్గించుకుని, రిజిస్ట్రేషన్ పేరు మారేలోపు మార్పించేయండి. ఆ రోజు నుంచి మీ లెక్క మీ చేతిలో ఉంటుంది.

ఖర్చు గురించి ఆలోచించేటప్పుడు మనం రెండు తప్పు అంకెల్ని పక్కపక్కన పెడతాం. మారిస్తే, ఉదాహరణకి, పన్నెండు వేలు, మార్చకపోతే సున్నా అని. మీ మెకానిక్‌ని రెండు ధరలూ అడగండి: బెల్టు, టెన్షనర్, పుల్లీలు కలిసి వచ్చే కిట్టు మార్చడానికి ఎంత, తెగాక హెడ్ దించి చేయడానికి ఎంత. రెండోదానిలో వాల్వులు, గైడ్లు, హెడ్ గాస్కెట్, లేత్ పని, కూలి, టోయింగ్ ఉంటాయి. మీరెలాగూ కొనాల్సిన బెల్టు కిట్టు కూడా ఉంటుంది. బండి వారం పదిరోజులు షెడ్డులో ఉంటుంది. ట్యాక్సీ నడిపేవాళ్ళకి ఆ పదిరోజుల సంపాదన, ఆ నెల కిస్తీ కూడా అందులోదే. పన్నెండు వేలే అనుకుని ఐదేళ్ళకి పంచితే నెలకి 200. అంత చిన్న మొత్తం కోసం జాతీయ రహదారి 163 మీద వంద వేగంలో ఇంజిన్ ఆగిపోయే అవకాశాన్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడు తొక్కుళ్ళ తర్వాత బ్రేకు రాయిలా అవుతుంది. రాత్రివేళ పేషెంటుని హైదరాబాద్ తీసుకెళ్తున్నప్పుడు అది జరిగితే దానికి ధర కట్టలేం.

అలాగని ఎవరు భయపెడితే వాళ్ళ మాట విని ముందే మార్చేయకండి. మాన్యువల్ లక్ష కిలోమీటర్లు అంటే, నూనె కారకుండా, నీళ్ళలో మునగకుండా, నాలుగేళ్ళలో 40,000 తిరిగిన బండికి బెల్టు మార్చమని ఎవరైనా అంటే కారణం అడగండి. కారణం చూపిస్తే సరే, చూపించకపోతే ఆ డబ్బుకి మంచి టైర్లు వేయించుకోండి. బండి అమ్మేయబోతున్న వాళ్ళు గడువు దగ్గరపడిన సంగతి కొనేవాళ్ళకి చెప్పండి, ధర తగ్గినా సరే. రేపు ఆ బండిలో కూర్చునేది కూడా ఒక కుటుంబమే.

మార్చేటప్పుడు బెల్టు ఒక్కటే మార్చి కవరు మూయించకండి. టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు కూడా అన్నే చుట్లు తిరిగాయి, వాటి బేరింగు పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. వాటర్ పంపు అదే బెల్టు మీద తిరిగే ఇంజిన్ అయితే దాన్ని కూడా ఇప్పుడే మార్చండి, లేకపోతే ఏడాది తర్వాత పంపు కారినప్పుడు ఇదే కూలి మళ్ళీ కట్టాలి. కిట్టు డబ్బా సీలు మీ ముందు విప్పమనండి. సామాన్లో డూప్లికేట్లు ఉంటాయి కాబట్టి బిల్లు ఉన్న దుకాణంలోనే కొనండి. పాత బెల్టూ పాత పుల్లీలూ చూపించమనండి. టైమింగ్ మార్కులు కలిపాక సెల్ఫ్ కొట్టే ముందు, క్రాంక్‌ని పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పి మార్కులు మళ్ళీ కలిశాయో లేదో చూసే మెకానిక్ దగ్గరికే వెళ్ళండి. ఒక పన్ను అటూ ఇటూ అయితే ఆ రెండు చుట్లలోనే బయటపడుతుంది.

ఇవన్నీ చేసేలోపే ఎక్కడైనా నడుస్తున్న బండి ఒక్కసారిగా ఆగిపోయి, సెల్ఫ్ కొడితే మామూలు కన్నా తేలికగా, గిర్రున తిరిగి స్టార్ట్ కాకపోతే బెల్టు తెగిందేమోనని అనుమానించండి. మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి, నలుగురిని పిలిచి తోయించి స్టార్ట్ చేయకండి. మిగిలిన వాల్వులు కూడా అప్పుడే వంగుతాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బండి పక్కకి తీసి, టోయింగ్‌కి ఫోన్ చేయండి.

పని పూర్తయిన రోజున తేదీ, మీటరు అంకె, వచ్చే గడువు, ఈ మూడూ ఒక స్టిక్కరు మీద రాయించి బెల్టు కవరు మీద అంటించమనండి. అవే మూడూ ఆర్‌సీ పెట్టుకునే పర్సులో ఒక చీటీ మీద రాసిపెట్టండి. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఆ చీటీ చూపించండి.